భయం కాదక్కా

మా చెల్లెలి చెయ్యి వణకడం నేను మొదటిసారి చూసింది ప్రొద్దుటూరులో, నేను అద్దెకున్న మేడమీది గదిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. క్యారమ్ బోర్డు మీద మూడే బిళ్ళలు మిగిలాయి. అందులో ఒకటి ఆమెది, తెల్లది, కుడిమూల రంధ్రానికి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది. ఆట నేర్చుకున్న మొదటి వారంలోనే ఎవరైనా వేసే బిళ్ళ అది. ఆమె స్ట్రైకర్‌ని గీత మీద పెట్టి, వేలు వంచి, ఆగింది. వేలి కొన సన్నగా అదరడం నాకు కనపడింది. కొట్టింది. స్ట్రైకర్ బిళ్ళని ముట్టుకోకుండా పక్కనుంచి పోయి తానే రంధ్రంలో పడింది.

"ఏమైంది మే?" అన్నాను.

"తెలీదక్కా. చెయ్యి వణికె."

"ఈడ నేను తప్ప ఎవరుండారు? నన్ను జూసి భయమా?"

"భయం కాదక్కా," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట ఆమె తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో నాకు లెక్క లేదు. నేను ఒక్కసారి కూడా నమ్మలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర గట్టి కారణం ఉండేది. భయం గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా జిల్లాలో లేరని నేననుకునేదాన్ని.

మాది జమ్మలమడుగు. మా ముత్తాతల కాలంలోనే మావాళ్ళు క్రైస్తవంలోకి వచ్చారు. చర్చి వెనక సందులో ఇల్లు. నాయన ఎయిడెడ్ బడిలో గుమస్తా, అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. మా వైపు ఆడపిల్లలు మైదానానికి పోయి ఆడితే నాలుగు మాటలంటారు గానీ, చర్చి పక్కన ప్రార్థనలకు కట్టిన చిన్న హాల్లో క్యారమ్స్ ఆడితే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆదివారం ఆరాధన అయిపోయినాక పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మేము హాల్లోకి దూరేవాళ్ళం. అక్కడ నేర్చుకున్న ఆటతో నేను రెండేళ్ళు జిల్లాలో మొదటిస్థానంలో నిలిచాను. డిగ్రీ రెండో సంవత్సరంలో రాష్ట్ర పోటీలకు పోయాను.

అక్కడ సెమీఫైనల్లో జరిగింది ఇది. ఆఖరి బోర్డు. నాకు ఒకే బిళ్ళ మిగిలింది, అదీ తేలికైనదే. అది పడితే ఫైనల్, ఫైనల్‌కి పోతే పతకం ఖాయం, పతకం ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. ఈ మూడూ వరసగా నా తలలోకి వచ్చాయి. ఒళ్ళంతా చెమట పట్టింది, గుండె దడదడ కొట్టుకుంది. వేలు నాది కానట్టు అదరడం మొదలుపెట్టింది. పదిహేను సెకన్లలో కొట్టాలి. అంపైర్ గడియారం వైపు చూస్తున్నాడని తెలుస్తోంది. కొట్టాను. బిళ్ళ రంధ్రం అంచును తాకి వెనక్కి వచ్చింది. ఎదుటమ్మాయి తన బిళ్ళలన్నీ ఒక్క విడతలో ఊడ్చేసింది.

ఇంటికొచ్చాక భయాన్ని ఒక పాఠ్యాంశంలాగా చదివాను. పెద్ద ఆటగాళ్ళని అడిగాను, ఫోన్లో చూశాను, ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఊపిరి పీల్చేటప్పుడు కొట్టకూడదు, వదిలిన తర్వాత వచ్చే చిన్న ఖాళీలో కొట్టాలి. బిళ్ళ మొత్తాన్ని చూడకూడదు, దాని అంచు మీద ఆవగింజంత చోటు ఎంచుకుని దాన్నే చూడాలి. ఎదుటివాళ్ళ ముఖం చూడకూడదు. వాళ్ళు ఆడేటప్పుడు చెయ్యి తొడ మీద పెట్టి బొటనవేలితో నొక్కుకుంటూ ఉండాలి. ఎన్ని పాయింట్లయ్యాయని మనసులో లెక్కెయ్యకూడదు. పోయిన షాట్‌ని బోర్డు మీద పౌడర్ తుడిచినట్టు తుడిచెయ్యాలి. ఇవన్నీ పనిచేస్తాయి. అబద్ధం కాదు. నా చెయ్యి నిలబడింది. కానీ అప్పటికి నా చదువు అయిపోయింది, వయసు దాటింది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను.

చెల్లెలు నాకంటే ఆరేళ్ళు చిన్నది. నా చేతిలో లెక్క ఉండేది, ఆమె చేతిలో ఆట ఉండేది. నేను కోణం చూసుకుని, గీత గీసుకున్నట్టు కొట్టేదాన్ని. ఆమె చూసీ చూడనట్టు వేలు విదిలిస్తే బిళ్ళ పోయి పడేది. ఇంటర్ అయినాక ప్రొద్దుటూరులో డిగ్రీలో చేర్పించి నా గదిలోనే పెట్టుకున్నాను. నాకు పోయింది ఆమెకు రావాలని నా పట్టుదల. నాయన కూడా, "నీకు తెలిసినంత మాకేం తెలుసమ్మా, నువ్వే చూసుకో," అన్నాడు.

వణుకు మొదలైన నెలలోనే ఆమె చిక్కిపోసాగింది. తిండి మాత్రం పెరిగింది. పొద్దున నాలుగు దోసెలు తిని కాలేజీకి పోయి, పదకొండుకు మళ్ళీ ఆకలని బజ్జీలు తినేది. అయినా చుడీదార్లు వదులయ్యాయి. క్రిస్మస్ రోజుల్లో నేను దుప్పటి కప్పుకుని పడుకుంటే ఆమె ఫ్యాను పెట్టమనేది, నేలమీద నీళ్ళు చల్లుకుని చాప లేకుండా పడుకునేది. జుట్టు ఊడేది. నిద్ర పట్టేది కాదు. చిన్నమాటకు కసురుకునేది, మరుక్షణం ఏడ్చేది. మేడమెట్లెక్కి వచ్చి గడపలో కూర్చుని రొప్పేది.

ఒక్కోదానికి నా దగ్గర ఒక్కో జవాబు. జుట్టు ఊడిందంటే ప్రొద్దుటూరు నీళ్ళు. చిక్కిందంటే కాలేజీ పిల్లలంతా అంతే. నిద్ర లేదంటే ఫోను. చెమట, గుండెదడ, వణుకు ఈ మూడూ భయం. నాకు సెమీఫైనల్లో సరిగ్గా ఈ మూడే వచ్చాయి కదా. లక్షణాలు ఇంత బాగా కలిశాక ఇక అనుమానం దేనికి?

"అక్కా, నాకు భయమనిపించడం ల్యా. ఊరికే కూచ్చున్నా గుండె కొట్టుకుంటాంది," అనేది.

"అదే భయమంటే. లోపల ఉండేది నీకు తెలీదు. నాకూ అప్పుడు తెలీలా."

"నాకు తెలుస్తాది గదక్కా నా లోపలుండేది."

"పెద్ద తెలిసినదానివి. కూచ్చో, మొదటినుంచి ఆడు."

సెలవులకు జమ్మలమడుగు పోయినప్పుడు అమ్మ చూసి దిగులుపడింది. చర్చి అయ్యగారు ఇంటికొచ్చి, ఆమె తలమీద చెయ్యిపెట్టి, ఈ బిడ్డలోనుంచి భయాన్ని తీసెయ్యమని ప్రార్థన చేశారు. ఆయన్ని తప్పుపట్టను. భయమని ఆయనకు చెప్పింది నేనే. ఆయన ప్రార్థన చేస్తున్నంతసేపూ చెల్లెలు కళ్ళు మూసుకోలేదు. తల వంచుకుని తన చేతులనే చూసుకుంటూ కూర్చుంది. సందు చివర ఆర్ఎంపీ దగ్గరికి అమ్మే తీసుకుపోయింది. పోటీలున్నాయి, పిల్ల బెదిరిపోతోంది అని అమ్మ చెప్పిన మాట విని అతను బలానికి సూది వేసి పంపాడు.

ప్రొద్దుటూరులో మగ్గాల వీధిలో ఒక గదిలో మగవాళ్ళు క్యారమ్స్ ఆడేవాళ్ళు. నలుగురు చూస్తుండగా ఆడితే భయం విరుగుతుందని చెల్లెల్ని అక్కడికి తీసుకుపోవడం మొదలుపెట్టాను. వాళ్ళతో ముందే చెప్పాను, ఆటమధ్యలో ఎగతాళి చెయ్యండి, గట్టిగా మాట్లాడండి, ఫోన్లో పాటలు పెట్టండి అని. వాళ్ళకి సరదా. ఆమె స్ట్రైకర్ పెట్టగానే ఒకడు దగ్గేవాడు, ఇంకొకడు "పోయె, పోయె!" అని అరిచేవాడు. చెల్లెలు వాళ్ళని తలెత్తి చూసేది కాదు. దాన్ని కూడా నేను భయమనే అనుకున్నాను.

అక్కడ ఒక ముసలాయన ఉండేవాడు. యాభై ఏళ్ళు మగ్గం నేసినవాడు. అందరూ మామా అని పిలిచేవాళ్ళు. ఆయన మాత్రం ఎగతాళి చెయ్యలేదు. ఒకరోజు టీ తెప్పించి ఇస్తే, చెల్లెలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతుంటే ఆయన చూశాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఏం పాప, ఈ పిల్లకు ఒళ్ళు బాగలేదేమో. పెద్ద డాక్టరుకు చూపించరాదా?"

"ఒళ్ళు బాగానే ఉంది మామా. పోటీలంటే బెదురు."

"బెదురైతే ఆట కాడ వణుకుతాది. ఈమెకు టీ గ్లాసు కాడ గూడా వణుకుతాంది. నేను నూలు అతికినోణ్ణి, చేతులు నాకు తెలుసు."

"పొద్దస్తమానం ఆట గురించే ఆలోచన మామా. అందుకే టీ తాగేటప్పుడు గూడా వణుకుతాది," అన్నాను. ఆయన తన బోర్డు దగ్గరికి తిరిగి పోయాడు. టీచరమ్మకు తెలియదా అనుకొని ఉంటాడు.

ఇప్పుడు చెప్పేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. జిల్లా పోటీలు నెలలోకి వచ్చాయి. ఆమె రోజురోజుకీ తప్పులు ఎక్కువ చేస్తోంది. ఒక గ్లాసు అంచుదాకా నీళ్ళు నింపి, చెయ్యి చాపి పట్టుకుని వంద లెక్కపెట్టమనేదాన్ని. నీళ్ళు తొణికితే నేల తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆమె ఇరవై దాటలేకపోయేది. తుడిచేది, నింపేది, చాపేది. ఒక సాయంత్రం ఏడుసార్లు తుడిచింది. ఎనిమిదోసారి గ్లాసు కింద పెట్టి, "చేతకాదక్కా," అంది. నేను ఆమె మణికట్టు పట్టుకుని బోర్డు చెక్కకేసి కొట్టాను. "పిరికిదానా," అన్నాను. ఆ రోజూ మర్నాడూ ఆమెతో మాట్లాడలేదు. మణికట్టు కమిలింది. కాలేజీకి పోయేటప్పుడు ఆ చేతికి గాజులు ఎక్కువ వేసుకుపోయింది.

జిల్లా పోటీలు పులివెందులలో, ఒక కాలేజీ హాల్లో. ఎండాకాలం మొదలైంది. పౌడర్ ఎగురుతుందని ఫ్యాన్లన్నీ ఆపేశారు. ముందురోజే ఇంటికి పోయి, జమ్మలమడుగు నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు ముద్దనూరు మీదుగా పోయాం. దారిలో ఆమె రెండుసార్లు కిటికీలోంచి వాంతి చేసుకుంది. బస్సు పడదు, అంతే, అనుకున్నాను.

మొదటి మూడు ఆటలు ఎట్లా గెలిచిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ప్రతి ఆటలో తప్పులు చేసింది. ప్రతిసారీ తేరుకుంది. ఫైనల్ పులివెందుల అమ్మాయితో. ఆ అమ్మాయి వాళ్ళ ఊరివాళ్ళతో, కాలేజీ స్నేహితులతో హాలు నిండిపోయింది. మావైపు నేనొక్కదాన్నే. చెరొక సెట్టు గెలిచారు. మూడో సెట్టుకు ముందు ఐదు నిమిషాలు విరామం ఇచ్చారు. చెల్లెలు లేచి నా దగ్గరికి వచ్చింది. చుడీదార్ వీపంతా తడిసిపోయింది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"అక్కా, గుండె ఆగడం ల్యా. ఇంటికి పోదాం."

"ఈడిదాకా వచ్చి పోతావా?"

"కండ్లు తిరుగుతాండాయి. నాకు ఒళ్ళు బాగలేదక్కా. భయం కాదు."

"చూడు. నేను ఆ రోజు లేసి పోయింటే బాగుండనుకుంటి. లేసి పోలే. ఓడిపోయినా గూడా కూచ్చున్నా. నువ్వు ఇప్పుడు లేస్తే బతుకంతా లేసి పోతానే ఉంటావు. పో, కూచ్చో. ఊపిరి వదిలినాక కొట్టు."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత నీళ్ళు తాగి పోయి కూర్చుంది.

ఆఖరి బోర్డులో ఎర్రబిళ్ళ ఆమెకే పడింది. దాన్ని వేసిన తర్వాత వెంటనే మన బిళ్ళ ఒకటి వెయ్యాలి. ఫాలో అంటాం. ఫాలో పడకపోతే ఎర్రబిళ్ళ మళ్ళీ బోర్డు మీదకి వస్తుంది. ఆమెకు మిగిలిన బిళ్ళ ఒకటే, ఎడమ చెక్కకు ఆనుకుని ఉంది. సన్నగా కోసినట్టు కొట్టాలి. మామూలు రోజుల్లో కూడా కష్టమైన షాట్. పులివెందుల పిల్లలు అరుపులు మొదలుపెట్టారు. అంపైర్ వాళ్ళని ఆగమన్నాడు. ఆ నిశ్శబ్దంలో ఆమె చెయ్యి వణుకుతుంటే స్ట్రైకర్ చెక్కమీద టకటకమని కొట్టుకోవడం నాకు వినపడింది. పిడికిళ్ళు బిగించాను. సెకన్లు లెక్కపెట్టుకుంటున్నాను. పది, పదకొండు.

ఆమె చెయ్యి వణుకు ఆగలేదు. వణుకుతూనే స్ట్రైకర్‌ని గీతమీద కొంచెం కుడికి జరిపింది. ఇంకాస్త జరిపింది. అంత కుడినుంచి కొడితే పడే ప్రశ్నే లేదు, తప్పు పెట్టింది అనుకున్నాను. కొట్టింది. బిళ్ళ చెక్క వెంబడే పాకుతూ పోయి మూలలో పడింది.

నేను అరిచాను. పోయి కావలించుకున్నాను. "చూసినావా, భయం పోయె! నేను చెప్పలా?" అన్నాను. ఆమె తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. ఆమె గుండె కొట్టుకోవడం నా చేతికి తెలుస్తూనే ఉంది, ముద్దనూరు దాటినా, జమ్మలమడుగు వచ్చినా. గెలిచిన ఆనందం అనుకున్నాను.

నేను కోరుకున్నది జరగడమే ఆమెకు శాపమైంది. ఓడిపోయి ఉంటే ఆ వేసవిలో ఏ డాక్టరు దగ్గరికో పోయేవాళ్ళమేమో. గెలిచింది కాబట్టి నా పద్ధతే సరైనదని తేలిపోయింది. స్కూల్లో అందరికీ చెప్పాను. రాష్ట్ర పోటీలకు మూడు వారాలుంది. నీళ్ళ గ్లాసు మళ్ళీ బయటికి తీశాను.

రెండో వారంలో, నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెప్తుండగా ఫోన్ వచ్చింది. కాలేజీ మెట్లమీద పడిపోయిందని ఆమె స్నేహితురాలు ఏడుస్తూ చెప్పింది. నేను పోయేసరికి ఆటోలో పడుకోబెట్టి ఉన్నారు. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు ముందుకు పొడుచుకొచ్చినట్టున్నాయని అప్పుడే గమనించాను. రోజూ ఒకే గదిలో ఉంటున్నాం. అప్పుడే గమనించాను.

ప్రొద్దుటూరులోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. నాడి చూశాడు, గొంతుమీద వేళ్ళు పెట్టి మింగమన్నాడు. తర్వాత రెండు చేతులూ చాపమన్నాడు. టేబుల్ మీద ఉన్న తెల్లకాగితం తీసి ఆమె వేళ్ళమీద పరిచాడు. కాగితం అంచులు గాలికి అల్లాడినట్టు అల్లాడాయి. గదిలో గాలి లేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"ఎనిమిది నెలలు సార్," అంది చెల్లెలు.

"ఎనిమిది నెలలనుంచి ఎవరికీ చూపించలేదా?"

ఆమె కోపంగా చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టే చెప్పింది.

"మా అక్కకు చూపించినా సార్."

డాక్టరు నా వైపు చూశాడు. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందని, దానివల్లే వణుకు, చెమట, దడ, చిక్కిపోవడం అన్నీ అని, ఇన్నాళ్ళు వదిలేసినందువల్ల గుండె దెబ్బతిన్నదని, అప్పటికప్పుడు కడపకు తీసుకుపొమ్మని చెప్పాడు. చీటీ రాస్తూ, "భయపడకండి," అన్నాడు. ఆ మాట వింటూనే నేను చీటీ కోసం చెయ్యి చాపాను.

కడపలో పదహారు రోజులున్నాం. మొదటి నాలుగు రోజులు ఆమెకు స్పృహ సరిగ్గా లేదు. గుండె లయ తప్పింది. మిషను మీద గీత ఇష్టమొచ్చినట్టు గెంతేది. నాయన వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అమ్మ ఒకే ఒక్క మాట అంది, అదీ నా వైపు చూడకుండా, పాలగ్లాసు కడుగుతూ.

"నువ్వు చూసుకుంటాండావులే అని మేము నిశ్చింతగా ఉంటిమి."

రాష్ట్ర పోటీలకు పులివెందుల అమ్మాయి పోయింది. ఆ అమ్మాయి ఆస్పత్రికి వచ్చి బత్తాయిలిచ్చి, మంచం పక్కన కాసేపు నిలబడి పోయింది. పోతూ పోతూ నాతో ఒక మాట చెప్పింది.

"ఆ ఆఖరి షాట్ ఎట్ల కొట్టిందో నాకింగా అర్థం కాలేదక్కా. ఎదురుగా కూచ్చుని చూస్తాండా. మీ చెల్లెలి ముఖంలో ఏమీ ల్యా. నాకే కాళ్ళు వణుకుతాండె."

చెల్లెలు కొంచెం కోలుకున్నాక ఆ షాట్ గురించి నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. చెల్లెలు దిండుకు ఆనుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"వణుకు చెయ్యిని ఎప్పుడూ ఎడమకే తోస్తాండె. ఎంత తోస్తాందో నాకు తెలిసిపోయింది. అంత కుడికి పెట్టుకుంటి. ఎనిమిది నెలలుగా అట్లే ఆడతాండా. నువ్వు తప్పులు అనుకున్నెవి శానావరకు లెక్క కుదరక పోయినెవి."

ఆరోగ్యం ఉన్న చేతులతో నేను పోగొట్టుకున్న ఆటని ఆమె జబ్బుచేతులతో ఎనిమిది నెలలు నిలబెట్టుకుంది. మగ్గాల వీధిలో ఎగతాళి చేస్తున్నవాళ్ళని ఆమె తలెత్తి చూడకపోయింది భయంతో కాదు, వేలి అదురును లెక్కపెట్టుకుంటూ ఉండడం వల్ల. నేను రాసుకున్న నోటుపుస్తకంలో అంత ఏకాగ్రతకు సరిపోయే పాఠం ఒక్కటి కూడా లేదు. పులివెందుల హాల్లో భయపడినవాళ్ళలో నేనున్నాను, ఎదుటమ్మాయి ఉంది. చెల్లెలు లేదు.

తిరుపతిలో వైద్యం జరిగింది. గ్రంథిని మందుతో చంపేశారు. ఇప్పుడు బతికినన్నాళ్ళూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకోవాలి. గుండెకు వేరే మాత్రలు. డిగ్రీ రెండేళ్ళు వెనకబడింది. కళ్ళు పూర్తిగా లోపలికి పోలేదు. బయటికి పోయేటప్పుడు రంగు అద్దాలు పెట్టుకుంటుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఇద్దరు కళ్ళు చూసి పోయారు. ఆ తర్వాత వద్దని ఆమే చెప్పేసింది. పరీక్ష రాసి దువ్వూరు మండలంలో ఒక గ్రామ సచివాలయంలో ఉద్యోగం తెచ్చుకుంది. ఆటతో కాదు, చదువుతోనే. చెయ్యి ఇప్పుడు వణకదు. క్యారమ్స్ మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. మేమెవరం అడగలేదు.

మూడు నెలలకోసారి రక్తపరీక్షకు ప్రొద్దుటూరు వస్తుంది. పరీక్షయ్యాక ఇద్దరం బస్టాండు దగ్గర హోటల్లో టిఫిన్ చేస్తాం. చాలాకాలం ఆ సంగతి ఎత్తకుండా తిన్నాం. పోయిన ఎండాకాలంలో ఒకసారి, ఆమె ఉగ్గాని తింటుంటే, నా నోట్లోంచి వచ్చేసింది.

"నేను నిన్ను నమ్మలా. ఒక్కసారన్నా నమ్మింటే..."

"ఇప్పుడెందుకక్కా."

"చెప్పనీ. నువ్వు అన్నిసార్లు చెప్తివి, భయం కాదు అని. నన్ను క్షమించు."

ఆమె తినడం ఆపింది. నీళ్ళు తాగింది. కోపం కనపడలేదు, జాలి కూడా కనపడలేదు.

"నువ్వు నమ్మకపోయినెందుకు నాకు బాధ ల్యా. నువ్వు అంత గట్టిగా చెప్తాంటే ఆఖరికి నేనే నమ్మినా. పులివెందులలో కూచ్చునే ముందు అనుకుంటి, ఏమో, నేను పిరికిదాన్నేనేమో, అక్కకు తెలీకుండా ఉంటాదా అని. ఇంగా అది పోలే. ఆఫీసులో ఎవరన్నా గట్టిగా మాట్లాడితే గుండె కొట్టుకుంటాది. అది మాత్ర ఎక్కువైనెందుకా, నిజంగా భయమా, నాకు తెలీదు. ఇదివరకు తెలిసేది. నా లోపలుండేది నాకు బాగా తెలిసేది."

ఏదో చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"గమ్మున తిను. ఒకటిన్నరకు బస్సుంది."

తిన్నాం. బస్టాండులోకి నడిచాం. దువ్వూరు బస్సు అప్పటికే వచ్చి ఉంది, జనం ఎక్కుతున్నారు. ఆమె రంగు అద్దాలు పెట్టుకుని, ఎక్కి, కిటికీ పక్కన చోటు చూసుకుని కూర్చుంది. పరీక్ష కాగితం సాయంత్రం వస్తుందని, తీసుకుని ఫోటో పంపమని చెప్పింది. సరే అన్నాను. బస్సు కదిలింది.